కోతలు, దొంతి, ఒక వంకర నామం

కొత్తగా స్కానింగు ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను చూడటానికి వస్తే అడిగే మొదటి మాట ఒకటే: "మేడమ్, మీ కాలంలో ఇవన్నీ చేత్తో చేసేవాళ్ళా?" మేమేదో రోగుల తలకాయలు కత్తిపీట మీద తరిగినట్టు ఉంటుంది ఆ అడగడం. చేత్తో కాదు, కంప్యూటరుతోనే చేశాం. కాకపోతే ఆ కంప్యూటరు బీరువా అంత ఉండేది. దానికి చలి గది కావాలి, మనం చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి, అది ఒక బొమ్మ గురించి ఆలోచించుకునేలోపల మనం కాఫీ తాగి రావచ్చు.

చిత్తూరులో మా నాయనకు బెల్లం మండీ ఉండేది. ఆడపిల్లకు ఆ చీకటి గది ఉద్యోగమేందని చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నా వినకుండా నన్ను ఎక్స్‌రే చదువుకు పంపాడు. డెబ్బైల చివర చిత్తూరులో ఫిల్ములు కడగడంతో మొదలుపెట్టాను. ఎనభైల్లో తిరుపతిలో నేను పనిచేసే ఆసుపత్రికి సీటీ యంత్రం వచ్చింది. దాని ముందు కుర్చీలో కూర్చున్నదాన్ని రిటైరయ్యేదాకా లేవలేదు. నాకు ఏ ప్రమోషను ఎప్పుడు వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు, నాకే గుర్తు లేదు. పని ఎలాంటిదో, దాన్ని నాకు ఎవరు నేర్పారో చెబుతాను.

మా పనే కోతలు కోయడం

"నువ్వు చేసే పని ఏంది సరోజా?" అని పక్కింటావిడ అడిగితే "కోతలు కోయడం" అనేదాన్ని. ఆమె నవ్వేది. నేను చెప్పింది నిజమే. మనిషిని బల్ల మీద పడుకోబెడితే యంత్రం చుట్టూ తిరిగి, ఒంటి మీద గాటు పడకుండా, లోపలి భాగాన్ని అడ్డంగా ఒక కోత కోసి చూపిస్తుంది. బల్ల కాస్త జరుగుతుంది, ఇంకో కోత. మళ్ళీ జరుగుతుంది, మళ్ళీ కోత. ఈ అడ్డకోతలన్నిటినీ కంప్యూటరులో వరసగా ఒకదాని మీద ఒకటి పేర్చి, పేర్చినదాన్ని మనకు కావలసిన వైపు నుంచి, నిలువుగానో ఏటవాలుగానో, మళ్ళీ కోసి చూడటం నా పని. ఆ పని చేసే ప్రోగ్రాముకు కంపెనీవాళ్ళు పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టారు. మా గదిలో మాత్రం దాని పేరు దొంతి.

ఆ పేరు పెట్టింది మా పెద్ద డాక్టరు పద్మనాభం గారు. యంత్రాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు బోర్డు మీద గీతలు గీసి, చాలాసేపు ఇంగ్లీషులో వివరించాడు. ఈయన చేతులు కట్టుకుని అంతా విని, మా వైపు తిరిగి అన్నాడు:

"మా అమ్మ వంటింట్లో కుండలు దొంతి పెట్టేది సూడు, అదే ఇది. కింది కుండ పక్కకు జరిగిందనుకో, పైవన్నీ జరుగుతాయి. అంతే కదబ్బా. పెట్టండి దొంతి."

ఇంజనీరుకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు.

పద్మనాభం గారిది గుడిపాల పక్క పల్లె. మద్రాసులో చదివినా మాట మాత్రం మారలేదు. ఆయన మంచివాడని చెప్పడానికి నాకు కొంచెం కష్టమే. కోపం ముక్కు మీద ఉండేది. ఫిల్ము కాస్త నల్లబడితే దాన్ని నా బల్ల మీద పడేసి "ఇది తలకాయా, గుమ్మడికాయా?" అనేవాడు. మెచ్చుకోవడం ఆయన నోటికి తెలియని విద్య. అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయనంటే నాకు దండం పెట్టబుద్ధి అవుతుంది. ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి, బొమ్మ ఎంత చక్కగా వచ్చినా దాన్ని నమ్మే ముందు దానితో కాసేపు కొట్లాడేవాడు. రెండు, బొమ్మకూ మనిషికీ లంకె కుదరకపోతే వరండాలోకి పోయి, రోగి ఇంటివాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని "ఇంట్లో ఏం మారిందమ్మా?" అని అడిగేవాడు. కుర్ర డాక్టర్లు చాటున నవ్వుకునేవాళ్ళు, సారు ఇంటి ముచ్చట్లకు పోయాడని.

చర్మం కూడా విరిగిందా?

దొంతి ఎంత గొప్పదో చెప్పే ముందు అది ఎంత అమాయకురాలో చెప్పాలి.

దామలచెరువు నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. మామిడికాయలు కోస్తూ కొమ్మ విరిగి కింద పడ్డాడు, నడుము నొప్పి. వెన్ను మీద సగం కోతలు అయ్యేసరికి కరెంటు కోత పడింది. ఆ రోజుల్లో కోతలకు కొదవ లేదు. జనరేటరు అందుకునేలోపల ఆ పిల్లోడు, కరెంటు పోతే రైసుమిల్లులో కూలీలు లేచి కూర్చున్నట్టు, ఎంచక్కా బల్ల మీద లేచి కూర్చున్నాడు. మళ్ళీ పడుకోమంటే పడుకున్నాడు. మిగతా కోతలు తీశాం. అన్నిటినీ కలిపి దొంతి పెట్టి, పక్కనుంచి కోస్తే వెన్నుపూసల వరస మధ్యలో తెగి, పై సగం ముందుకు జరిగి ఉంది. ఎముకల డాక్టరు అది చూసి, పిల్లోడి కాళ్ళు పడిపోతాయేమోనని అప్పుడే వాళ్ళ నాయనకు చెప్పేశాడు. ఆ పెద్దాయన వరండాలో గోడకు ఆనుకుని కూలబడిపోయాడు.

పద్మనాభం గారు వచ్చి తెర ముందు నిలబడ్డాడు. ఎముకను చూడలేదు. తెర అంచున, వీపు చర్మం ఉన్న చోట వేలు పెట్టాడు. ఎముక ఎక్కడ మెట్టు దిగిందో, సరిగ్గా అక్కడే వీపు గీత కూడా మెట్టు దిగింది.

"ఏమ్మా, చర్మం కూడా విరిగిందా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల ఆయన వరండాలోకి పోయాడు. ఆ తండ్రి భుజం పట్టుకుని లేపి, "జరిగింది ఎముక కాదప్పా, నీ కొడుకు. కుదురుగా పడుకోమను, మళ్ళీ తీస్తాం" అన్నాడు. మళ్ళీ తీస్తే వెన్ను నిలువునా బాగుంది. కండరం పట్టేసింది, అంతే.

ప్రోగ్రాముకు మనం ఇచ్చింది ఒకే పడకలో తీసిన కోతలా, రెండు పడకలవా అన్నది తెలియదు. ఇచ్చినవాటిని నున్నగా పేర్చి, ఎంతో నమ్మకంగా చూపిస్తుంది. దాని తప్పేం లేదు. ఆ రోజు నుంచి నేను ఏ దొంతి పెట్టినా మొదట చూసేది చర్మాన్ని. మీరూ చూడండి.

మునిరత్నం లైటు

బల్ల దగ్గర రోగిని సర్దే పని మునిరత్నం అన్న చేసేవాడు. నాకంటే పెద్దవాడు, చేతి పని తెలిసినవాడు, ఏడ్చే పిల్లల్ని కూడా మాటలతో కదలకుండా చేసేవాడు. నన్ను చివరిదాకా "పాపా" అనే పిలిచాడు.

తలకు స్కాను తీసేటప్పుడు తల నిటారుగా ఉండాలి. అందుకోసం యంత్రం నుంచి ఒక ఎర్రటి వెలుగు గీత కిందికి పడుతుంది. మా యంత్రంలో ఆ గీత చాలా పొట్టి. నుదుటి మీద పడి, ముక్కు దాకా రాకుండానే అయిపోయేది. చెవులు రెండూ సమంగా ఉన్నాయా, ముక్కు నిటారుగా ఉందా అని వంగి, అటూ ఇటూ తిరిగి చూసుకుంటే తప్ప తల మధ్య ఎక్కడో తెలిసేది కాదు. దానికి మునిరత్నం అన్న ఒక సులువు కనిపెట్టాడు. తిరుపతిలో మా దగ్గరికి వచ్చే తలల్లో చాలావాటికి నామం ఉంటుంది. రెండు తెల్ల గీతలు, మధ్యలో ఒక ఎర్ర గీత. వెలుగు గీతను ఆ ఎర్ర గీత మీద పడేలా తలను సర్దితే సరి. "పెరుమాళ్ళే మనకు గీత గీసి పంపిస్తుండాడు పాపా" అని మురిసిపోయేవాడు. మేమూ మురిసిపోయాం. పని చకచకా సాగేది. డాక్టరు గారికి కూడా ఆ సంగతి తెలుసు, వద్దనలేదు. ఏళ్ళ తరబడి రోజూ పెట్టుకునే నామం చేతికి అలవాటైపోయి, అద్దం చూడకపోయినా తిన్నగానే వస్తుంది కదా.

వరదాచార్యుల స్వామి

చంద్రగిరి దారిలో ఒక పల్లెలో చిన్న పెరుమాళ్ళ గుడి. దాని అర్చకుడు వరదాచార్యులు గారు. అరవై దాటిన మనిషి, సన్నగా, పండులాంటి రంగు. తలనొప్పి, నడిస్తే గుమ్మాలకు తగులుకుంటున్నాడు. కళ్ళ డాక్టరు అద్దాలు ఇచ్చాడు, తగ్గలేదు. ఇంకో డాక్టరు మా దగ్గరికి పంపాడు.

మునిరత్నం అన్న పడుకోబెట్టాడు, నామానికి లైటు కలిపాడు, నేను కోతలు తీశాను. పై కోతల్లో, నడినెత్తి దగ్గర, కుడిపక్క ఎముక మందంగా కనిపించింది. తల ఒక పక్కకు వాలితే అలా కనిపించడం మామూలే. వాలిన పక్కన ఎముక కోతకు ఏటవాలుగా తగులుతుంది, మందంగా అచ్చవుతుంది. పద్మనాభం గారు కూడా అదే అనుకున్నాడు. తల కొంచెం వాలింది, మెదడులో లోపమేమీ లేదు అని రిపోర్టు రాసి పంపేశాడు. ఆ వేళ వరండా నిండా జనం ఉన్నారు.

కొన్నాళ్ళకు ఆయన భార్య అలమేలమ్మ గారు ఒక్కతే వచ్చింది. మడిచీర, చేతిలో మా ఫిల్ముల కవరు. నా గది గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రావచ్చో లేదోనన్న అనుమానంతో, అక్కడినుంచే మాట్లాడింది.

"మిషన్లో ఏమీ లేదని రాసినారు కదా తల్లీ. ఏదో ఒకటి ఉందని రాసి ఉంటే బాగుండేది."

రోగం లేదంటే బాధపడే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. డాక్టరు గారిని పిలిచాను. ఆయన ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు.

"ఇంట్లో ఏం మారిందమ్మా?"

ఆమె మొదట ఇంట్లో సంగతి చెప్పలేదు, గుడి సంగతి చెప్పింది. స్వామివారికి ఆయన పెట్టే నామం వంకరపోతోందట. పూలు ఒక పక్కనే గుత్తులుగా వేసి, రెండో పక్క బోసిగా వదిలేస్తున్నాడట. చూసినవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత గొణిగారు, ఇప్పుడు ధర్మకర్త ముఖం మీదే అన్నాడు, తాగి గర్భగుడిలోకి వస్తున్నావని. పెద్ద ఆసుపత్రిలో కంప్యూటరు పెట్టి చూసి ఏమీ లేదన్నారు కాబట్టి ఇక తాగుడే అని తేల్చేశారు. వైకుంఠ ఏకాదశికి ముందే పూజను ఆయన నుంచి తీసేసి ఒక దాయాదికి ఇస్తారట.

"చిన్నప్పటి నుంచి వాళ్ళ నాయన పక్కన నిలబడి నేర్చుకున్న కైంకర్యం సార్. తీర్థం తప్ప ఇంకొకటి నోట్లో పోసుకోని మనిషి. పూజ పోతే పోనీ అనుకుంటా. తాగుబోతు అన్న మాటతో పోతే ఆయన బతకడు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"సరే తల్లీ. గుడి సంగతి విన్నా. ఇంట్లో సంగతి చెప్పు. అన్నం తింటాడా?"

"తింటారు. సగం ఆకే తింటారు."

"సగం ఆకేంది?"

"ఆకులో కుడి పక్క ఉండేదంతా తింటారు. ఎడమ పక్క వడ్డించిన కూరా పచ్చడీ అట్లే ఉంటాయి. కూర వెయ్యలేదేమని నన్నే అడుగుతారు. ఆకు తిప్పి పెట్టినానంటే అప్పుడు కనపడుతుంది, తింటారు. వయసు కదా అని నేనూ రోజూ తిప్పి పెడుతుండా."

పద్మనాభం గారు ఆమె వైపు తిరిగాడు.

"ఆయన నామం?"

"అదీ అంతే సార్. ఒక పక్కకు పడిపోతుంది. మా పెండ్లినాటి అద్దం, మసకబారిందేమో అని కొత్త అద్దం తెప్పించినా. అయినా వంకరే."

ఆయన లేచి మా గదిలోకి వచ్చాడు. అరవలేదు. అరవకపోతేనే మాకు భయం.

"మునిరత్నం, ఆ స్వామిని పడుకోబెట్టి లైటు దేనికి కలిపినావు?"

"నామానికే సార్. ఎప్పుడూ కలిపేదే కదా."

"నామం వంకరప్పా. నువ్వు నామాన్ని తిన్నగా నిలబెట్టినావు, తలను వంచినావు. వంగిన తలను చూసి నేను గడ్డను ఎముక అనుకున్నానేమో." "నేను రాసింది తప్పు కావచ్చు" అన్నాడు. మా ఇద్దరి ముందు, వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ అలమేలమ్మ గారికి వినపడేలా అన్నాడు. అంత పెద్ద డాక్టరు అలా అనడం నేను మళ్ళీ ఎవరి నోటా వినలేదు.

మునిరత్నం అన్న మొహం చూడలేకపోయాను. "నామం మనకే నామం పెట్టింది సార్" అన్నాడు.

పైమూత

"టేపు ఉండాదా, చెరిపేసినావా?" అన్నాడు డాక్టరు గారు.

అప్పట్లో బొమ్మలు పెద్ద టేపు చక్రాల మీద ఉండేవి. టేపులు తక్కువ కాబట్టి పాతవాటి మీదే కొత్తవి ఎక్కించేవాళ్ళం. అదృష్టం, స్వామి టేపు వంతు ఇంకా రాలేదు. దాన్ని ఎక్కించి, కోతలన్నీ పిలిచి, దొంతి పెట్టాను. ఎదుటినుంచి, మనిషి ముఖం మనకేసి ఉన్నట్టు నిలువుగా కోయమన్నాను. యంత్రం గింగురుమంటూ ఆలోచించింది. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి ఒక్కో గీతే దిగుతూ వచ్చింది.

మందం కోతలు కాబట్టి అంచులన్నీ మెట్లు మెట్లుగా ఉన్నాయి. తల మొత్తం ఒక పక్కకు వాలి ఉంది. అయినా ఒకటి తెలుస్తోంది. తల వాలితే ఎముక ఏటవాలుగా కనపడాలి కానీ కిందికి వేలాడకూడదు. కుడి పక్క పుర్రె కప్పు కింద ఏదో లోపలికి దిగి ఉంది. అదేంటో చూద్దామంటే దొంతికి పైమూత లేదు. నడినెత్తికి కొంచెం ముందే కోతలు ఆపేశాం. అప్పట్లో అందరం అలాగే ఆపేవాళ్ళం, నెత్తిన ఏముంటుందిలే అని.

"మళ్ళీ పిలిపించు. పలుచటి కోతలు. నెత్తి దాటి గాలి కనపడేదాకా తియ్యి" అన్నాడు. పాత కోతలకు కొత్తవి అతికిస్తే పని తొందరగా అయిపోతుంది కదా అని నేను అనబోయాను. దామలచెరువు పిల్లోడి వీపు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మర్నాడు స్వామి వచ్చాడు. నామం నిజంగానే కుడి కనుబొమ్మ వైపు ఒరిగి ఉంది. చెరిపేస్తే సులువని నేనంటే డాక్టరు గారు ఒప్పుకోలేదు. "ఆయన నామం ఆయనకు ఉండనీ. మనం సూడకుండా ఉంటే సాలు." మునిరత్నం అన్న నుదుటి మీద పలుచటి గుడ్డ కప్పేసి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చెవులూ వేళ్ళతో తాకి సమం చేశాడు. ముక్కు చూశాడు, గడ్డం చూశాడు, మళ్ళీ చెవులు చూశాడు. అంత భక్తిగా ఆయన గుళ్ళో దేవుణ్ణి కూడా చూసి ఉండడు.

"చాలాసేపు కదలకూడదు స్వామీ" అన్నాను నేను.

"లోపల్లోపల అనుసంధానం చేసుకోవచ్చునా తల్లీ?"

"పెదవులు కదలకుండా చదువుకోండి."

ఆ పలుచటి కోతలు ఎంతకూ తరగలేదు. మధ్యలో యంత్రం వేడెక్కి ఆగేది, చల్లారాక మళ్ళీ మొదలయ్యేది. కరెంటు ఎప్పుడు పోతుందోనని నేను గోడ గడియారాన్నీ ట్యూబులైటునూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోలేదు. స్వామి రాతిబొమ్మలా పడుకున్నాడు. అన్నీ అయ్యాక దొంతి పెట్టాను. ముందు చర్మం చూశాను. ఎక్కడా మెట్టు లేదు, గుండ్రంగా నున్నగా ఉంది. అప్పుడు నిలువుగా కోశాను.

నా ఉద్యోగంలో ఆ తర్వాత ఎన్నో గొప్ప యంత్రాలు చూశాను, రంగుల బొమ్మలు చూశాను. ఆ రోజు ఆ బూడిదరంగు తెర మీద గీత గీతగా దిగిన బొమ్మంత అందమైనది ఇంకొకటి చూడలేదు. తల నిటారుగా ఉంది. ఎడమ పక్క కప్పు సన్నటి తెల్ల గీత. కుడి పక్క, నడినెత్తికి ఆనుకుని, కప్పు లోపలి నుంచి నిమ్మకాయంత తెల్లటి గడ్డ మెదడును కిందికి నొక్కుతోంది. అడ్డకోతల్లో ఎన్నిసార్లు చూసినా ఎముకలో కలిసిపోయి దొంగలా కూర్చున్నది, నిలువు కోతలో చిక్కింది. మెదడు కుడి సగమే మనకు ఎడమ పక్కను చూపించేది కాబట్టి, ఎడమ పక్క లోకాన్ని ఆయనకు కనపడనివ్వనిది అదే. డాక్టరు గారు తెర మీద దాని చుట్టూ వేలితో ఒక సున్నా చుట్టి, "మెదడు బయటి గడ్డ. తీసేస్తే పోతుంది" అన్నాడు. నేను ఆ గదిలోనే ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు.

ధర్మకర్త

గడ్డ దొరికింది, సరే. తాగుడు అన్న మాట ఎలా పోతుంది? పద్మనాభం గారు అలమేలమ్మ గారిని అడిగాడు: "నీకూ ఆయనకూ ఇష్టమైతే ఆ ధర్మకర్తను ఈడికి పిలిపించు. కాయితం ఇస్తే సదవడు, బొమ్మ సూపిస్తా. మీకు ఇష్టం లేకపోతే వద్దు." ఆమె లోపలికి పోయి స్వామితో మాట్లాడి వచ్చి, పిలిపిద్దాం అంది.

ధర్మకర్త కారులో వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా, చుట్టూ పదిమందిని శాసించే అలవాటున్న నడక. చెప్పులు విడవమంటే మునిరత్నం అన్నను ఒక చూపు చూసి విడిచాడు. ఆయనకు అడ్డకోతలు చూపించి ఉంటే బూడిద, తెలుపు మచ్చలు తప్ప ఏమీ తెలిసేది కాదు. దొంతి బొమ్మ అలా కాదు. ఎదురుగా మనిషి నిలబడ్డట్టే ఉంటుంది, తల, కళ్ళ గుంతలు, పైన కప్పు. ఆయన తానే వంగి చూశాడు.

"ఏంది సార్ ఇది, ఈ పక్క తెల్లగా?"

"అది కల్లు కాదప్పా, గడ్డ" అన్నాడు డాక్టరు గారు.

ధర్మకర్త భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. వరండాలో కూర్చున్న స్వామి దగ్గరికి పోయి, ఎడమ పక్క నిలబడి "స్వామీ" అన్నాడు. స్వామి అటు తిరగలేదు. ఆయనకు ఆ పక్క మనిషి ఉన్నట్టే తెలియదు. అలమేలమ్మ గారు ధర్మకర్తను చెయ్యి పట్టినంత పని చేసి కుడి పక్కకు తీసుకొచ్చింది. అప్పుడు చూసి స్వామి నవ్వాడు, "మీరా, ఎప్పుడొచ్చినారు?" అని. ఆ పెద్దమనిషి మొహం చేతుల్లో దాచుకున్నాడు. బొమ్మ సగం చెప్పింది, మిగతా సగం ఆ నవ్వు చెప్పింది. ఆ కారులోనే స్వామి మద్రాసు ఆసుపత్రికి పోయాడు.

అక్కడి సర్జను మా ఫిల్ములు చూసి, ఎక్కడ తెరవాలో వెతుక్కునే పని లేకుండా చేశారని డాక్టరు గారికి ఫోను చేశాడట. ఆయన ఆ మాట మాకు చెప్పిన తీరు: "మద్రాసోడికి నీ దొంతి నచ్చిందంటమ్మా." నాకు తెలిసి ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే, అది కూడా ఇంకొకరి నోటితో.

మీకు చెప్పదలచింది

ఇప్పటి ప్రోగ్రాములు కనురెప్ప వేసేలోపల తలను గిర్రున తిప్పి చూపిస్తాయి. చూసి నేను చిన్నపిల్లలా సంబరపడతాను. వాటిని తిట్టే ముసలమ్మను కాను. మేం కాఫీ తాగి వచ్చేదాకా పట్టే పని అవి చిటికెలో చేస్తున్నాయి, ఎన్ని ప్రాణాలు నిలబెడుతున్నాయో. కానీ అవి పేర్చేది మీరు ఇచ్చినవాటినే. పడుకోబెట్టినవాడి చేతులు, అడిగినవాడి నోరు, ఆకు తిప్పి పెట్టిన ఇల్లాలి కన్ను కూడా ఆ దొంతిలోనే ఉంటాయి. మీలో కొందరు రోగి మొహం చూడకుండా తెర మాత్రమే చూస్తారు, నాకు తెలుసు. మీ మీద నాకు కోపం ఉంది. పద్మనాభం గారు ఉండి ఉంటే ఇంతకంటే గట్టిగా అరిచేవాడు.

స్వామి సంగతి ఇంకొంచెం ఉంది. ఆపరేషను అయిన చాలాకాలానికి, గడ్డ మళ్ళీ మొలిచిందేమో చూడమని మద్రాసు నుంచి రాసి పంపితే, ఆయన మళ్ళీ మా దగ్గరికి వచ్చాడు. ఆ ఏకాదశికి దాయాదే పూజ చేశాడట, తర్వాత ధర్మకర్తే మనిషిని పంపి ఈయన్ని పిలిపించాడట. అలమేలమ్మ గారు వరండాలో కూర్చుని ప్రసాదం పొట్లాలు విప్పుతోంది. లోపల మునిరత్నం అన్న ఆయన్ని పడుకోబెట్టి, మా కొత్త పద్ధతి ప్రకారం నుదుటి మీద గుడ్డ కప్పి, చెవులతో ముక్కుతో తల సర్దాడు. లైటు సరిచూసుకోవడానికి గుడ్డ తీశాడు. నేను గాజు అద్దం వెనక నా కుర్చీలో ఉన్నాను.

"పాపా, లైటు పోయినట్టుంది, కనపడటం లేదు. బల్బు సూడు."

లేచి లోపలికి పోయాను. లైటు పోలేదు. స్వామి నుదుటి మధ్య శ్రీచూర్ణం గీత మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పడి, ఎరుపులో ఎరుపు కలిసిపోయింది. మునిరత్నం అన్నకు చూపించాను. ఆయన వంగి చూసి, గోడ వైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

స్వామి కళ్ళు మూసుకునే ఉన్నాడు. మేం మాట్లాడకపోయేసరికి ఆయనకు అనుమానం వచ్చింది.

"ఏం తల్లీ, నామం మళ్ళీ వంకరపోయిందా?"

"లేదు స్వామీ," అన్నాను, "లైటు కూడా కనపడనంత తిన్నగా ఉంది."